ఇస్త్రీ మాస్టారికి వీడ్కోలు సభ

జూన్ 4

అన్నయ్యా,

నేను బాగానే ఉన్నాను. ఫోన్ చేస్తే మనిద్దరం ఒకేసారి మాట్లాడతాం, ఎవరికీ ఏమీ వినపడదు, చివరికి వదిన లాక్కుని పెట్టేస్తుంది. అందుకే ఉత్తరం. ఉత్తరంలోనైతే నువ్వు మధ్యలో అడ్డు తగలలేవు.

ఈ ఫర్నిచర్ షాపులో నాకు ఫిర్యాదుల బల్ల ఇచ్చారు. జనం విరిగిన కుర్చీలు మోసుకొచ్చి నా ముందు పడేస్తారు. నేను లేచి నిలబడి, నవ్వి, "ముందు కూర్చోండి" అనాలి. అది ఇక్కడి రూలు. కూర్చోవడానికి అక్కడున్నవన్నీ అంతకుముందు వాళ్ళు తెచ్చి పడేసిన కుర్చీలే. మొన్న ఒక పెద్దాయన మంచం కోడు గురించి చెప్పడానికి వచ్చి, కూర్చుని, కిందపడి, కుర్చీ గురించి కూడా ఫిర్యాదు చేసి వెళ్ళాడు. మా మేనేజరు దాన్ని రెండుగా లెక్క వేసుకుని, షాపుకి గిరాకీ పెరిగిందని సంతోషించాడు.

వారానికోసారి మాకు పాఠాలు చెప్పడానికి ట్రైనింగ్ మేడమ్ వస్తుంది. మొదటి పాఠం, పనిచేసేవాళ్ళని నలుగురి ముందూ మెచ్చుకోవాలని. ఇక్కడ గోడ మీద 'ఈ నెల ఉత్తమ ఉద్యోగి' అని ఒక ఫొటో పెడతారు. ఈసారి లిఫ్టు నడిపే అతనికి వచ్చింది. అప్పటి నుంచి ఎవరు ఏ అంతస్తు అడిగినా ముందు తన ఫొటో ఉన్న అంతస్తులో ఆపుతున్నాడు.

అది చూస్తే మన లాండ్రీ గుర్తొచ్చింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఇస్త్రీ మాస్టారు ఆ బల్ల ముందే నిలబడి ఉన్నారు. ఆయన్ని ఒక్కసారైనా నోరారా మెచ్చుకున్నావా? ఆలోచించు. వదినని అడిగానని చెప్పు.

నీ చెల్లి

జూన్ 12

చెల్లీ,

నీ ఉత్తరం మీ వదిన పైకి చదివింది. నేను మధ్యలో అడ్డు తగిలాను. అది నీకు తెలియాలని రాస్తున్నాను.

ఇక్కడ మన కొంప మునిగేలా ఉంది. ఎదురుగా చెప్పుల షాపు ఉండేది చూడు, అది ఖాళీ చేసి అక్కడ కొత్త లాండ్రీ తెరిచారు. గాజు తలుపులు. మనిషి దగ్గరికి వెళ్తే వాటంతటవే తెరుచుకుంటాయి. నేను చాలాసార్లు వెళ్ళొచ్చాను, తలుపు కోసమే. లోపల ఆవిరితో ఇస్త్రీ చేసే యంత్రం ఒకటి బుసలు కొడుతూ ఉంటుంది. వాళ్ళకి అన్నీ ఉన్నాయి, ఇస్త్రీ తెలిసిన మనిషి తప్ప. ఆ షాపావిడ మన మాస్టారు కనపడితే చాలు, పళ్ళన్నీ బయటపెట్టి పలకరిస్తోంది. ఆయన కనక అటు వెళ్ళారంటే మనకి తాళమే. నాకు ఉతకడం వచ్చు. మీ వదినకి గుండీలు కుట్టడం, గిరాకీలతో పోట్లాడటం వచ్చు. ఇస్త్రీ మా ఇద్దరికీ రాదు.

సరిగ్గా ఇప్పుడే నీ సలహా వచ్చింది. వెంటనే అమలుపెట్టాను. 'ఈ నెల ఉత్తమ ఉద్యోగి' అని బోర్డు రాయించాను. పక్షపాతం అనే మాట రాకూడదని ఓటింగు పెట్టాను. మాస్టారు మర్యాదకి నాకు వేశారు. మీ వదిన మాస్టారికి వేసింది. నేను నాకు వేసుకున్నాను. ఫలితం అలా వచ్చింది, నేనేం చెయ్యను? నా ఫొటో పెట్టాం. అది పెళ్ళినాటిది, బాగుంది.

మాస్టారు అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు. మెచ్చుకోలు పద్ధతి ఆయనకి పడినట్టు లేదు. ఇంకో పాఠం ఉంటే త్వరగా పంపు.

నీ అన్నయ్య
(ఈ నెల ఉత్తమ ఉద్యోగి)

జూన్ 18

అన్నయ్యా,

నీకు నువ్వే ఓటు వేసుకుని గెలిచానని రాయడానికి చేతులెలా వచ్చాయి? చదువుతూ నవ్వలేక చచ్చాను. పక్క బల్ల దగ్గరున్న క్యాషియరు, ఏడుస్తున్నాననుకుని నాకు మంచినీళ్ళు ఇచ్చింది. తర్వాత అసలు సంగతి చెప్తే ఆ నీళ్ళు తనే తాగింది.

మాస్టారు అలగడంలో తప్పేముంది? సరే, జరిగిందేదో జరిగింది. ఈ వారం పాఠం చాలా తేలిక, నువ్వు కూడా పాడుచేయలేవు. పెట్టే చెయ్యి ముందుండాలట. గిరాకీ అడిగినదానికంటే కొంచెం ఎక్కువ చెయ్యాలి, అడక్కుండానే చెయ్యాలి, డబ్బు తీసుకోకూడదు. నేను ఒక ముసలావిడకి మేకు ఒకటి ఊరికే ఇచ్చాను. ఆవిడ వాళ్ళింటి నుంచి మొత్తం బీరువా తెచ్చి మిగతా మేకులు కూడా కొట్టించుకుని వెళ్ళింది, కానీ వెళ్తూ వెళ్తూ నవ్వింది.

నా ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. అది అయ్యేదాకా ఆ నవ్వులే నాకు జీతం.

నీ చెల్లి

జూన్ 27

చెల్లీ,

నీ పాఠం మూలంగా వీధిలో తలెత్తుకోలేకపోతున్నాను.

అడక్కుండా ఇవ్వాలన్నావు. నేనివ్వగలిగింది ఏముంది? గంజి. వచ్చిన ప్రతి బట్టకీ గంజి పెట్టాను, ఉచితంగా, చిక్కగా. చొక్కాలకి మాత్రమే ఇస్తే మిగతావాళ్ళు చిన్నబుచ్చుకుంటారని అన్నిటికీ పెట్టాను.

వకీలుగారి పైజామా గోడకి ఆనిస్తే నిలబడింది. ఆయన దాన్ని తొడుక్కుని కూర్చోలేక రాత్రంతా నిలబడే చదువుకున్నారట. నర్సమ్మ తన పిల్లాడి లంగోటాలు తెచ్చి కౌంటర్ మీద ఒక్కొక్కటే పడేసింది, పలకలు పడ్డట్టు చప్పుడైంది. డాన్సు టీచరు మోకాళ్ళు వంచలేకపోయిందని ఆ రోజు క్లాసే మానేసింది. మెచ్చుకున్నది పంతులమ్మగారొక్కరే. ఆవిడ కిటికీ తెరలు ఇప్పుడు గాలికి ఎగరడం లేదట.

అన్నీ వెనక్కి వచ్చాయి. నేను మళ్ళీ ఉతికాను, మాస్టారు మళ్ళీ ఇస్త్రీ చేశారు. మధ్యాహ్నం భోజనానికి కూడా వెళ్ళలేదు ఆయన. అన్నీ అయ్యాక చెయ్యి తుడుచుకుంటూ, "నన్ను అడిగి ఉంటే వద్దనేవాణ్ణి" అన్నారు. బోర్డు పెట్టాక ఆయన నాతో మాట్లాడిన మొదటి మాట అది. కాబట్టి నీ పాఠం పూర్తిగా దండగ కాలేదు.

గాజు తలుపులావిడ ఇదంతా వాకిట్లో నిలబడి చూసింది. పైగా మాస్టారికి చల్లటి సోడా పంపింది. ఇంకేదైనా పాఠం ఉందా?

నీ అన్నయ్య

జూలై 5

అన్నయ్యా,

పైజామా సంగతి మా మేనేజరుకి చెప్పాను. తప్పు చేశాను. గంజి పెట్టిన పరుపు తొడుగులు అమ్మితే ఎలా ఉంటుందని ఆలోచిస్తున్నాడు.

ఈ వారం పాఠంలో గంజి లేదు, ఓటింగు లేదు. పనిచేసేవాళ్ళు ఎప్పుడూ ఏదో ఒక కొత్త విషయం నేర్చుకుంటూనే ఉండాలి. యజమాని కూడా. మాకు వచ్చింది చాల్లే అనుకున్న రోజున షాపు సగం మూసినట్టేనని మేడమ్ చెప్పింది. నేను స్క్రూలు బిగించడం నేర్చుకుంటున్నాను. నిన్న ఒక కుర్చీ నేనే బాగుచేసి, గిరాకీని కూర్చోబెట్టాను. ఆయన పడలేదు. క్యాషియరు చప్పట్లు కొట్టింది.

నువ్వూ నేర్చుకో. వదినకీ, మాస్టారికీ చెప్పు. కానీ చెప్పేటప్పుడు బోర్డు మాత్రం రాయించకు.

నీ చెల్లి

జూలై 16

చెల్లీ,

అయిపోయింది. మన షాపు పని అయిపోయింది.

మొదటి నుంచి చెప్తాను. బోర్డు రాయించలేదు. నోటితోనే చెప్పాను. "ఈ నెలాఖరుకల్లా ముగ్గురం తలా ఒక కొత్త పని నేర్చుకుని చూపించాలి. ఏం నేర్చుకుంటున్నామో ముందే చెప్పకూడదు, చూపించాకే తెలియాలి" అన్నాను. చెప్పకూడదన్నది నా సొంత ఆలోచన. సరదాగా ఉంటుందని పెట్టాను. మాస్టారు సరేనన్నట్టు తల ఊపారు. నేను ఎదుటివాళ్ళ మాట మధ్యలో ఆపకుండా వినడం నేర్చుకుంటున్నాను. పంతులమ్మగారు ఒక జాకెట్టు చెయ్యి గురించి మొదలుపెట్టి వాళ్ళ చిన్నప్పటి బడి దాకా వెళ్ళారు. నేను విన్నాను. షాపు మూసే వేళకి ఇంకా ఐదో తరగతిలోనే ఉన్నారు.

ఇంతలో మాస్టారు మధ్యాహ్నం భోజనం వేళ కనపడకుండా పోవడం మొదలుపెట్టారు. నిన్న మీ వదిన నా చెయ్యి పట్టుకుని గుమ్మంలోకి లాక్కెళ్ళి చూపించింది. గాజు తలుపుల వెనక, వాళ్ళ నీలం కోటు తొడుక్కుని, ఆవిరి యంత్రం దగ్గర మన మాస్టారు. ఆవిడ పక్కన నిలబడి ఏదో చెప్తోంది, ఈయన శ్రద్ధగా వింటున్నారు. నా దగ్గర ఏనాడూ అంత శ్రద్ధగా వినలేదు.

తిరిగొచ్చాక ఏమీ ఎరగనట్టు ఇస్త్రీ చేసుకుంటున్నారు. నేను అడగలేదు. ఏమని అడగను? ఉండండని బతిమాలడం మన ఇంటావంటా లేదు. నువ్వే ఏదో ఒకటి చెప్పు. మీ మేడమ్‌ని కనుక్కో.

నీ అన్నయ్య

జూలై 21

అన్నయ్యా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మాస్టారు లేని మన షాపుని నేను ఊహించుకోలేను. వెంటనే మేడమ్‌ని పట్టుకుని అడిగాను, ఎవరని చెప్పలేదులే.

మనిషి వెళ్ళిపోవాలని నిర్ణయించుకుంటే అడ్డం పడకూడదట. బతిమాలకూడదు, నిందించకూడదు. ఘనంగా సాగనంపాలట. అలా సాగనంపిన చోటుని మనిషి మరిచిపోడు, ఏనాటికైనా తిరిగి వస్తాడు. ఇక్కడ గోడౌన్ సూపర్‌వైజరు వెళ్ళేటప్పుడు కేకు కోసి, బహుమతి ఇచ్చి, ఒక్కొక్కరూ లేచి మాట్లాడారు. ఆయన నిజంగానే తిరిగొచ్చాడు. గొడుగు మరిచిపోయాడనుకో, అయినా వచ్చాడు.

మాస్టారు తనంతట తాను చెప్పలేక నలిగిపోతుంటారు. నువ్వే ముందుగా ఆయన బరువు దించు. మంచి సభ పెట్టు. పొదుపు చెయ్యకు.

నీ చెల్లి

జూలై 30

చెల్లీ,

పొదుపు చెయ్యలేదు. కేకు తెప్పించాను. గోడగడియారం కొన్నాను, గంటకోసారి పిట్ట బయటికొచ్చి కూస్తుంది. నా ఫొటో తీసేసి మాస్టారి ఫొటో పెట్టాను. వకీలుగారు, నర్సమ్మ, పంతులమ్మగారు, డాన్సు టీచరు అందరూ వచ్చారు. గాజు తలుపులావిడని కూడా పిలిచాను, మనసు ఎంత విశాలమో చూడాలని.

మాస్టారికి ముందే చెప్పలేదు. భోజనం వేళ అయ్యాక లోపలికి వచ్చి, అందరినీ చూసి, ఎవరి పుట్టినరోజని అడిగారు. మీదేనండీ, కొత్త జీవితం మొదలుపెడుతున్నారు కదా అని నేను ఉపన్యాసం అందుకున్నాను. చాలా బాగా మాట్లాడాను. "ఇన్నేళ్ళు మా కోసం నిలబడ్డారు, ఇక మీ దారిన మీరు హాయిగా వెళ్ళండి, మా గురించి బెంగ పెట్టుకోకండి" అన్నాను. పంతులమ్మగారు కళ్ళు ఒత్తుకున్నారు. మాస్టారు నా వైపూ, మీ వదిన వైపూ, గడియారం వైపూ మార్చి మార్చి చూశారు. కేకు ముక్క చేతిలోనే పట్టుకున్నారు, తినలేదు. ఇస్త్రీ పెట్టె చల్లారిందో లేదో తాకి చూసి, గడియారం పెట్టె చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు. సంతోషంతో నోట మాట రాలేదనుకున్నాను.

మర్నాడు పొద్దున గాజు తలుపులావిడ పరుగెత్తుకొచ్చింది. "మీకేమైనా మతిపోయిందా? ఆయనని ఎందుకు తీసేశారు?" అంది. మీ దగ్గరికే వస్తున్నారు కదా అన్నాను. ఆవిడ తల పట్టుకుంది. ఆయన అక్కడ చేరనే లేదట. నెలాఖరుకి ఏదో కొత్త పని నేర్చుకుని చూపించాలి, మా యజమాని గట్టిగా చెప్పాడు, ఈ ఆవిరి యంత్రం నేర్పండమ్మా, మా షాపులో కూడా ఒకటి పెట్టుకోవచ్చు అని అడిగారట. ఉద్యోగం ఇస్తానని ఆవిడ ఎన్నిసార్లు అన్నా నవ్వి ఊరుకున్నారట.

నేను నేర్చుకోమంటే నేర్చుకున్నారు. చెప్పొద్దంటే చెప్పలేదు. దానికి నేను కేకు కోసి ఇంటికి పంపాను.

వెంటనే వాళ్ళింటికి పరుగెత్తాను. ఏమనాలో తోచక, మీలాంటి పెద్ద షాపుల్లో అనే ముక్క అన్నాను: "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం." ఆయన తలుపు వేసేసుకున్నారు. లోపల పిట్ట కూసింది.

షాపులో బట్టలు గుట్ట పడ్డాయి. ఇప్పుడేం చెయ్యమంటావు?

నీ అన్నయ్య

ఆగస్టు 4

అన్నయ్యా,

ఏం చెయ్యమంటానా? నేను రాసిన ఉత్తరాలన్నీ చింపి పారెయ్. ఈ ఒక్కటీ ఉంచు.

తప్పు సగం నాది. మనింట్లో పెరిగిన నేను, మాస్టారు ఎలాంటి మనిషో తెలిసిన నేను, ఆయన్ని అడగమని నీకు చెప్పకుండా మేడమ్‌ని అడిగాను. ఆవిడకి కుర్చీలు తెలుసు. మాస్టారు తెలియదు కదా.

మళ్ళీ వెళ్ళు. వదినని తీసుకుని వెళ్ళు. పాఠాలేవీ తీసుకెళ్ళకు, కేకు తీసుకెళ్ళకు. నీ కడుపులో ఉన్నది చెప్పు. నాకు నిద్ర పట్టడం లేదు, ఏమైందో వెంటనే రాయి.

నీ చెల్లి

ఆగస్టు 10

చెల్లీ,

వెళ్ళాం.

మీ వదిన ముందు నిలబడింది కాబట్టి తలుపు తీశారు. గడియారం ఇంకా పెట్టెలోనే ఉంది, పెట్టెలో నుంచే కూస్తోంది. ఆయన మమ్మల్ని కూర్చోమని, తను నిలబడే ఉన్నారు. కూర్చుని మాట్లాడటం ఆయనకి అలవాటు లేదు. యంత్రం సంగతి ఇప్పుడే తెలిసింది, మేము తప్పుగా అనుకున్నాం అని మీ వదిన అంతా విడమరిచి చెప్పింది. ఆయన విని, తల ఊపి, ఇలా అన్నారు.

"అది నాకు ఆ రోజే అర్థమైంది బాబూ. నేను అటు వెళ్తున్నాననుకున్నారు. పోనీ, నిజంగానే వెళ్తున్నాననుకోండి. కేకు తెచ్చారు, గడియారం ఇచ్చారు, మీరు అంతసేపు మాట్లాడారు. అందరూ మాట్లాడారు. నేను కేకు ముక్క పట్టుకుని నిలబడే ఉన్నాను, ఎవరో ఒకరు వెళ్ళొద్దంటారేమోనని. ఒక్కరూ అనలేదు. సరే, పంపించాలనే ఉందేమో అనుకుని వచ్చేశాను."

నాకు మాటలకి ఎప్పుడైనా కరువుందా చెప్పు. ఆ పూట మీ వదిన మోచేత్తో పొడవాల్సి వచ్చింది. చివరికి, "మాస్టారూ, వెళ్ళకండి" అన్నాను.

"నేనెక్కడికీ వెళ్ళలేదు బాబూ. ఇంట్లోనే ఉన్నాను" అన్నారు.

"ఇంట్లో కూడా ఉండకండి" అన్నాను. మీరు లేకపోతే నాకు షాపు తెరవబుద్ధి కావడం లేదని, పొద్దున షట్టరు ఎత్తి ఆ బల్ల వైపు చూడలేక మళ్ళీ దించేస్తున్నానని చెప్పాను. కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి. అది నీకు రాయకూడదనుకున్నాను, మీ వదిన రాస్తానని బెదిరించింది కాబట్టి నేనే రాస్తున్నాను.

ఆయన చూపు నా కాలరు మీదికి వెళ్ళింది. "ఆ చొక్కా ఎవరు చేశారు?" అన్నారు. నేనే అన్నాను. "విప్పండి" అన్నారు.

చొక్కా చంకలో పెట్టుకుని ఆయన ముందు, బనీనుతో నేను వెనక, నవ్వు ఆపుకుంటూ మీ వదిన చివర, అలా వీధి మొత్తం దాటి షాపుకి వచ్చాం. గాజు తలుపులావిడ చప్పట్లు కొట్టింది. వచ్చీ రాగానే ఆయన గుట్ట మీదున్న బట్ట తీసి, ఏమీ జరగనట్టు పెట్టె వేడిచేసుకున్నారు. ఆవిరి యంత్రం తెరలకి పనికొస్తుందట, కాలర్లకి పనికిరాదట.

నీ అన్నయ్య

ఆగస్టు 16

అన్నయ్యా,

బల్ల దగ్గరే చదివాను. చదివి నవ్వాను, ఏడ్చాను. ఈసారి క్యాషియరు మళ్ళీ మోసపోకూడదని నీళ్ళు ఇవ్వలేదు.

నా ఉద్యోగం పక్కా అయింది. ఈ నెలలో ఏం నేర్చుకున్నారని మేడమ్ అందర్నీ అడిగితే, వెళ్ళేవాళ్ళకి కేకు పెట్టేముందు ఒకసారి వెళ్ళొద్దని చెప్పి చూడాలి అన్నాను. ఆవిడ దాన్ని బోర్డు మీద రాసుకుంది.

ఒక్క మాట రాయనా, కోప్పడవు కదా. నేను ఇక్కడికి బయల్దేరిన రోజు స్టేషన్లో నువ్వు చాలా చేశావు. కొత్త సూట్‌కేసు, నీళ్ళ సీసా, దారిలో తినడానికి సంచి. పక్క సీటు వాళ్ళకి నన్ను అప్పగించావు. ధైర్యంగా ఉండాలని రైలు కదిలేదాకా మాట్లాడుతూనే ఉన్నావు. నేను కిటికీలోంచి నీ మొహం చూస్తూ కూర్చున్నాను.

నువ్వు కూడా అనలేదు అన్నయ్యా. అన్నా ఇక్కడికి వచ్చేసేదాన్నే, అది వేరే సంగతి.

నీ చెల్లి

ఆగస్టు 22

చెల్లీ,

వెళ్ళకు.

ఇది ఆ రోజు స్టేషన్‌కి రాసింది. ఆలస్యంగా అందుతోంది కాబట్టి మీ బల్ల దగ్గర ఫిర్యాదు రాయించుకో. రైలు కదిలేదాకా మాట్లాడింది ఎందుకనుకున్నావు? ఆపితే ఆ మాట బయటికొస్తుందని. వస్తే నువ్వు దిగిపోతావని.

ఉద్యోగం జాగ్రత్తగా చేసుకో. మంచి కుర్చీలో కూర్చో. సెలవు దొరికితే రా. దొరక్కపోయినా రా.

ఈ ఉత్తరం రాసి నలిపి అవతల పడేశాను, మళ్ళీ తీసుకున్నాను, మళ్ళీ నలిపాను. మాస్టారు చూశారు. కాగితం నా చేతిలోంచి తీసుకుని, పైన తడిగుడ్డ వేసి, ఇస్త్రీ చేసి కవర్లో పెట్టి ఇచ్చారు.

నీ అన్నయ్య